పిలక జొన్న మేసి గేదె చనిపోయింది: ఈ ‘నాము’ అసలు ఏమిటి?

దర్శి_మెట్టరైతు
మాది దర్శి దగ్గర మెట్ట ఊరు. మూడెకరాల రేగడిలో మాఘి జొన్న వేసి, ఫిబ్రవరి చివర్లో కోసి, చొప్ప వామి వేసుకున్నాము. మోళ్ళు పొలంలోనే ఉండిపోయాయి. ఏప్రిల్ నెలంతా మా రెండు గేదెలు ఆ మోళ్ళలోనే తిరిగి ఎండిన ఆకూ అలమూ మేశాయి, వాటికి ఏమీ కాలేదు. మే నెలలో రెండు మంచి వానలు పడ్డాక మోళ్ళ మొదళ్ళ నుంచి జానెడు, మూరెడు ఎత్తున పచ్చటి పిలకలు వచ్చాయి. మా తమ్ముడి కొడుకు ఆ పచ్చదనం చూసి సంబరపడి, తెల్లవారగానే ఖాళీ కడుపుతో ఉన్న గేదెలను అందులోకి తోలాడు. పావుగంట కూడా కాకముందే పెద్ద గేదె తూలింది, నోటి వెంట నురగ వచ్చింది, ఒళ్ళంతా వణికింది, రొప్పుతూ పక్కకు ఒరిగిపోయింది. డాక్టరు గారు వచ్చేసరికి ప్రాణం పోయింది. చిన్నది, అంటే పడ్డ, గట్టు మీది గడ్డి దగ్గర వెనకబడి పిలకలు కొద్దిగానే తిన్నది కాబట్టి బతికింది.

మా అమ్మ చూడగానే “నాము తగిలిందిరా” అన్నది. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చే గేదె పోయిన బాధ ఎలాగూ ఉంది, కానీ అర్థం కాని సంగతులు నన్ను ఇంకా ఎక్కువ తొలుస్తున్నాయి. ఏప్రిల్‌లో ఏమీ చేయని పొలం మే నెలలో ఎందుకు చంపింది? ఏళ్ళ తరబడి చొప్ప మేసిన పశువుకు అదే మొక్క విషం ఎలా అయింది? తినకూడనిదని ఆ గేదెకు వాసనతోనైనా తెలియదా? తెలిసినవారు చెప్పగలరు.

ఉదయగిరి_జీవాలు
మా ఊళ్ళో ఇలా పడిపోయిన గొర్రెలను మొదట పాము కరిచిందనుకున్నారు. ఒకే చోట ఏడు పడిపోయాక గానీ సంగతి అర్థం కాలేదు. ఏడు గొర్రెలను ఒక పాము ఒకేసారి కరవదు కదా.

పశువైద్యం_ఒంగోలు
దర్శి మిత్రులారా, మీ అమ్మగారు అన్న మాట సరైనదే. కోసిన జొన్న మొదళ్ళ నుంచి మళ్ళీ వచ్చే పిలకనూ, అది తిన్న పశువుకు కలిగే ప్రమాదాన్నీ మన వైపు నాము అనే మాటతోనే చెబుతారు. శాస్త్రంలో ఆ విషం పేరు హైడ్రోసయనిక్ ఆమ్లం, అంటే సయనైడు. లేత జొన్న ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. అందులో సయనైడు చక్కెరతో ముడిపడి కదలకుండా ఉంటుంది. ఆకు నలిగినప్పుడు ఆ ముడి విడిపోయి సయనైడు బయటికి వస్తుంది.

రక్తంలోకి చేరిన సయనైడు, కణాలు ప్రాణవాయువును వాడుకునే చివరి మెట్టును ఆపేస్తుంది. రక్తంలో ప్రాణవాయువు నిండుగా ఉన్నా కణానికి అందదు. అందుకే పశువు ఊపిరి కోసం రొప్పుతున్నా చిగుళ్ళు, కంటి లోపలి పొరలు నల్లబడకుండా మొదట్లో గోరింటాకు పండినంత ఎర్రగా కనిపిస్తాయి. పశువు బరువులో ప్రతి కిలోకు సుమారు 2 మిల్లీగ్రాములు చాలు ప్రాణం తీయడానికి. 400 కిలోల గేదెకు అది 800 మిల్లీగ్రాములు, గ్రాముకంటే తక్కువ.

నెమరువేసే పశువులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. గుర్రం, పంది కడుపులో ఉండే ఆమ్లం ముడిని విప్పే ఎంజైమును కొంతవరకు అణిచేస్తుంది. ఆవు, గేదె మొదటి పొట్టలో అలాంటి ఆమ్లం లేదు సరికదా, అక్కడి సూక్ష్మజీవులే ఆ ముడిని విప్పుతాయి. మీ పడ్డ గట్టు గడ్డితో కొంత కడుపు నింపుకున్నది, పిలక తక్కువగా, నిదానంగా తిన్నది. ఆ మోతాదును దాని కాలేయం గంధకంతో కలిపి థయోసయనేటుగా మార్చి మూత్రంలో పంపేయగలిగింది. లక్షణాలు మొదలైన తరువాత రెండు గంటలు తట్టుకున్న పశువు సాధారణంగా బతుకుతుంది.

కొండపి_సేద్యం
అందరినీ ఇంతగా భయపెట్టవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. నేను బోరు కింద ఎండాకాలం మేత జొన్న వేసి ముప్పై అయిదు, నలభై రోజులకే కోసి పాడి పశువులకు వేస్తున్నాను. పదేళ్ళలో ఒక్క పశువు కూడా పోలేదు. జొన్న విషమైతే మన పాడి అంతా ఏనాడో పోయి ఉండేది.

వృక్షరసాయనం_నెల్లూరు
కొండపి మిత్రుని అనుభవమూ, దర్శి మిత్రుని నష్టమూ రెండూ నిజమే, ఎందుకంటే జొన్నలో విషం ఎప్పుడూ ఒకే పాళ్ళలో ఉండదు. నేను కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను, కాబట్టి మొక్క వైపు నుంచి కొంచెం వివరంగా రాస్తాను.

పసుపు, సున్నం వేరువేరుగా ఉన్నంతసేపు ఒకటి పచ్చగా, ఒకటి తెల్లగా ఉంటాయి. కలిపిన క్షణంలోనే పారాణి ఎరుపు వస్తుంది. జొన్న ఆకులో ఏర్పాటు అలాంటిదే. ధురిన్ ఆకు పై పొర కణాలలోని రసపు సంచులలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము లోపలి కణాలలో ఉంటుంది. ఆకు మామూలుగా ఉన్నప్పుడు ఈ రెండూ కలవవు కాబట్టి మొక్కకు తన విషం తగలదు. పశువు పళ్ళ కింద పడి కణాలు చితికినప్పుడు అవి కలుస్తాయి. అంటే పిలకలో సయనైడు తయారుగా నిలవ ఉండదు, నమిలిన నోటిలోనూ పొట్టలోనూ అప్పటికప్పుడు పుడుతుంది. గేదెకు వాసనతోనైనా తెలియదా అన్న ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడే ఉంది. కొరకకముందు పసిగట్టడానికి అక్కడ సయనైడు లేదు.

ఈ ధురిన్‌ను 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు లేత జొన్న మొక్కల నుంచి వేరు చేశారు. జొన్నకు అరబ్బీలో ఉన్న ‘దురా’ అనే పేరు మీదుగా దానికి ధురిన్ అని పెట్టారు. ఇది నిజంగా మొక్కకు కాపలా కాస్తుందా అన్న ప్రశ్నకు 2001లో కోపెన్‌హాగన్ పరిశోధకులు చక్కటి జవాబు చూపారు. ధురిన్ తయారుచేసే జన్యువులను ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలో పెట్టారు. అంతకుముందు ఆ మొక్కను ఇష్టంగా తినే ఒక జాతి పెంకు పురుగు, ధురిన్ చేరాక దాన్ని వదిలేసింది.

ఇక ఏప్రిల్, మే తేడా. మొలక, పిలక దశలో మొక్కకు ఉన్నవి నాలుగు ఆకులే. అవి పోతే ప్రాణమే పోతుంది కాబట్టి ఆ కొద్ది ఆకులోనే విషం దట్టంగా పెట్టుకుంటుంది. కాండం పెరిగి పూతకు వచ్చేసరికి అదే విషం పెద్ద శరీరంలో పలచబడుతుంది. ముదిరిన గింజలో అయితే దాదాపు ఉండదు. ఏప్రిల్‌లో మీ గేదెలు మేసినవి ఎండిపోయిన ఆకులు. అవి ఎండుతున్న రోజులలోనే సయనైడు చాలావరకు ఆవిరిగా వెళ్ళిపోయింది. మే వానకు లేచిన పిలక అదే మొదలు నుంచి వచ్చినా, రసాయనం లెక్కలో అది వేరే మొక్క.

కందుకూరు_పాడి
కొండపి అన్న చెప్పిన దానికి నా అనుభవం అడ్డు వస్తుంది. నేనూ అలాగే మేత జొన్న వేసేవాడిని. ఒక ఏడు మోటారు కాలిపోయి పదిహేను రోజులు నీళ్ళు పెట్టలేదు. పైరు వాడి, మోకాలి ఎత్తులో ఆగిపోయింది. మోటారు బాగయ్యాక నీళ్ళు పెట్టి, త్వరగా లేవాలని యూరియా చల్లి, వారం తిరగకుండా కోసి వేశాను. రెండు దూడలు పోయాయి. మిగిలిన ఏళ్ళన్నీ ఏమీ కాలేదు, ఆ ఒక్క ఏడు తప్ప.

పశువైద్యం_ఒంగోలు
కందుకూరు మిత్రుడు చెప్పినది అచ్చంగా పాఠంలాంటి ఉదంతం. బెట్టకు వచ్చిన పైరు ఎదగదు, ఎదగకపోతే విషం పలచబడదు. యూరియాలోని నత్రజని ధురిన్‌ను పెంచుతుంది, ఎందుకంటే ధురిన్ తయారీకి కావలసిన ముడిసరుకులలో నత్రజని ఒకటి. నిజానికి మొక్క ధురిన్‌ను నత్రజని నిలవగా కూడా వాడుకుంటుంది. కొండపి మిత్రునికి పదేళ్ళు కలిసి వచ్చినది ఆయన తడి తప్పకుండా ఇవ్వడం వల్ల అయి ఉండవచ్చు, వేసిన రకంలో విషం తక్కువ కావడం వల్ల కూడా అయి ఉండవచ్చు. అయినా ముప్పై అయిదు రోజుల కోతను నేను ఒప్పుకోను. సగం మొక్కలు పూతకు వచ్చాక కోయడమే క్షేమం.

ఇంకొక సంగతి. బెట్ట జొన్నలో సయనైడుతో పాటు నైట్రేటు కూడా పేరుకుంటుంది. నైట్రేటు విషంలో రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది, సయనైడులో ఎర్రగా ఉంటుంది. రెండింటికీ మందులు వేరు. సయనైడుకు మేము సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు నరానికి ఎక్కిస్తాము. నైట్రేటు విషం ఉన్న పశువుకు పొరపాటున నైట్రైటు ఎక్కిస్తే ప్రాణం త్వరగా పోతుంది. అందుకే ఎవరి దగ్గరో మందు తెచ్చి సొంతంగా సూది వేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఉదయగిరి_జీవాలు
మా పెద్దలు బెల్లం నీళ్ళు పట్టించేవారు. మా నాయన అలా మూడు గొర్రెలను బతికించాడు, నేను కళ్ళారా చూశాను.

పశువైద్యం_ఒంగోలు
మీ నాయన గారి మాటను కాదనడం లేదు. తక్కువ తిన్న గొర్రెలు ఎలాగైనా లేచి ఉండేవి అనే అవకాశమూ ఉంది. పశువు నిలబడి మింగగలుగుతున్నప్పుడు బెల్లం నీళ్ళతో పెద్ద హాని లేదు. పడిపోయి కొట్టుకుంటున్న పశువు గొంతులో ఏది పోసినా ఊపిరితిత్తులలోకి వెళుతుంది. విషం నుంచి తప్పించుకున్నా దానితో చనిపోయిన పశువులను నేను చూశాను. బెల్లం వెతికే ఆ పది నిమిషాలలో ఆసుపత్రికి ఫోను చేయండి.

చీమకుర్తి_గృహిణి
మా అమ్మాయి ఆరోగ్యానికి మంచిదని జొన్నలు మొలకెత్తించి పచ్చిగా తింటున్నది. పైన ‘మొలక దశలో విషం దట్టంగా’ అని చదివి గుండె ఆగినంత పనైంది. జొన్న సంకటి, రొట్టె సంగతి కూడా చెప్పండి.

వృక్షరసాయనం_నెల్లూరు
సంకటికీ, రొట్టెకూ వాడేది ముదిరిన గింజ, కాబట్టి ఏ భయమూ లేదు. మొలకల విషయంలో మాత్రం మీ అనుమానం సరైనదే. పెసలను మొలకెత్తించినట్టు జొన్నను మొలకెత్తించి పచ్చిగా తినకూడదు. ఆఫ్రికాలో జొన్న మాల్టు చేసేవారు మొలకను ఎండబెట్టి, మొలక కొననూ వేరునూ నలిపి తీసేసి, మిగిలిన గింజను పిండి చేసి ఉడికిస్తారు. మీ అమ్మాయిని మొలకలకు పెసలు వాడుకోమనండి.

టంగుటూరు_పొగాకు
మాకు పొగాకు, మిరప. ఈ చర్చ చదువుతుంటే మా పైరు సంగతి గుర్తుకొచ్చింది. పొగాకు చేలో ఆవు తాడు తెంచుకుని దూరినా ఆకు కొరకదు. ఉదయం మంచు తడితో ఆకు కోసే కూలీలకు మాత్రం కళ్ళు తిరిగి వాంతులవుతాయి. తలలు తుంచిన తరువాత ఆకులో ఘాటు పెరుగుతుందని మా తాతల కాలం నుంచీ తెలుసు. ఇదీ నాము లాంటిదేనా?

వృక్షరసాయనం_నెల్లూరు
ఉద్దేశం ఒకటే, ఏర్పాటు వేరు. జొన్నలో విషం కొరికినప్పుడు పుడుతుంది. పొగాకులో నికోటిన్ ముందే తయారై ఆకులో ఉంటుంది, అందుకే ఆవు దగ్గరికి రాగానే వెనక్కి తగ్గుతుంది. విచిత్రం ఏమిటంటే నికోటిన్ ఆకులో పుట్టదు. వేరులో పుట్టి, నీటితో పాటు కాండం గుండా పైకి ఎక్కుతుంది. పురుగు ఆకును కొరికితే జాస్మోనేటు అనే పదార్థం ద్వారా ఆ కబురు వేరుకు చేరుతుంది, వేరు నికోటిన్ తయారీని పెంచి పైకి పంపుతుంది. మీరు తల తుంచినప్పుడు కూడా మొక్క తన మీద పెద్ద దాడి జరిగినట్టే స్పందిస్తుంది. మీ తాతలు గమనించినది అదే. తడి ఆకు విషయానికి వస్తే, మంచు నీటిలో నికోటిన్ కరిగి చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. తడి ఆరాక కోయించండి, లేదా చేతులకు తొడుగులు, ఒంటికి నీరు పట్టని గుడ్డ ఇవ్వండి. కూలీలది నటన అని తిట్టే మేస్త్రీలను నేను చూశాను. అది నటన కాదు, విషం.

టంగుటూరు_పొగాకు
మరి లద్దె పురుగు పొగాకును అంత హాయిగా ఎలా తింటున్నది?

వృక్షరసాయనం_నెల్లూరు
తరతరాలుగా అలవాటుపడి నికోటిన్‌ను విరిచేసుకునే, లేదా త్వరగా విసర్జించే శక్తి తెచ్చుకున్న పురుగులు అవి. అయినా దానికి ఇష్టాయిష్టాలు ఉన్నాయి. నారుమడి చుట్టూ ఆముదం వేయమని పొగాకు శాస్త్రవేత్తలు చెప్పడానికి కారణం అదే. తల్లి పురుగు గుడ్లు పెట్టడానికి ఆముదం ఆకు వైపు మొగ్గుతుంది. ఆ ఆకులు ఏరి గుడ్ల గుంపులను నాశనం చేస్తే మడి మీద భారం తగ్గుతుంది.

అద్దంకి_సుబాబుల్
సుబాబుల్ విషయం ఎవరూ ఎత్తలేదు. మా వైపు కాగితపు మిల్లులకు అమ్మడానికి సుబాబుల్ తోటలు విస్తారంగా వేశారు. ఆకులో మాంసకృత్తులు ఎక్కువ అని విని నేను నెల్లూరు గొర్రెలకు రెండు నెలలు అదొక్కటే కోసి వేశాను. తోక దగ్గర, వీపు మీద వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడి చేతికి వచ్చాయి. మేత మార్చాక మళ్ళీ మొలిచాయి. ఇదీ సయనైడేనా?

పశువైద్యం_ఒంగోలు
కాదు. సుబాబుల్‌లో ఉన్నది మిమోసిన్. అది కణాల విభజనను ఆపుతుంది, వెంట్రుక కుదుళ్ళలో కణాలు నిత్యం విభజన చెందుతాయి కాబట్టి దెబ్బ మొదట అక్కడ కనిపిస్తుంది. పొట్టలో అది మరొక పదార్థంగా మారి థైరాయిడ్ గ్రంథిని కూడా కుంగదీస్తుంది.

దీని వెనుక నాకు చాలా ఇష్టమైన పరిశోధన ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో సుబాబుల్ మేసిన పశువులు జబ్బు పడేవి, హవాయి దీవులలో మేకలు అదే ఆకు తిని బాగుండేవి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త తేడా పశువులో కాక పొట్టలోని సూక్ష్మజీవులలో ఉందని అనుమానించి, 1980ల తొలినాళ్ళలో హవాయి మేకల పొట్టలోని రసాన్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించి చూశారు. అవి తట్టుకున్నాయి. ఆ విషాన్ని విరిచే బ్యాక్టీరియాకు 1992లో ఆయన పేరు కలిసేలా సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. జొన్న విషయంలో పొట్టలోని సూక్ష్మజీవులు పశువుకు శత్రువులయ్యాయి, ఇక్కడ అవే రక్షించాయి. మీరు మాత్రం సుబాబుల్‌ను మొత్తం మేతలో మూడో వంతుకు మించనివ్వకండి.

టంగుటూరు_పొగాకు
కల్లంలో ఆరబోసిన మిరపకాయల గింజలను మా కోళ్ళు ఏరుకుని తింటాయి. వాటికి మంట ఎందుకు పుట్టదు? మా కుక్కపిల్ల ఒక్కసారి మూతి పెట్టి రోజంతా ఏడ్చింది.

వృక్షరసాయనం_నెల్లూరు
మన నోటిలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంటుంది, మిరపలోని క్యాప్సైసిన్ దాన్ని తట్టిలేపుతుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పక్షులలో అదే గ్రాహకం కొద్దిపాటి తేడాతో ఉంటుంది, క్యాప్సైసిన్‌కు అది స్పందించదు. అడవి మిరప గింజను ఎలుక లాంటి జంతువు దంతాలతో నూరి చంపేస్తుంది, పండ్లు తినే పిట్ట చెడకుండా మోసుకుపోయి వేరే చోట రాల్చుతుంది. మిరప ఎవరిని దూరం పెట్టాలో, ఎవరిని రానివ్వాలో ఆ ఒక్క పదార్థంతో తేల్చుకున్నది.

దర్శి_మెట్టరైతు
అందరి జవాబులూ మా అమ్మకు చదివి వినిపించాను. నా మూడో ప్రశ్నకు సగం జవాబే వచ్చింది. మేక ఏ ఆకునైనా ముందు కొంచెం కొరికి చూస్తుంది, గేదె ఎందుకు అలా చేయదు?

వృక్షరసాయనం_నెల్లూరు
మేక పెదవులతో ఒక్కొక్క ఆకును ఎంచుకుంటుంది. గేదె నాలుకతో గుత్తిగా చుట్టి లాగుతుంది, కాబట్టి మొదటి నిమిషంలోనే చాలా లోపలికి పోతుంది. ఇక నేర్చుకోవడం సంగతి. అమెరికాలో ఫ్రెడ్ ప్రోవెంజా అనే శాస్త్రవేత్త పశువులు మేతను ఎలా నేర్చుకుంటాయో దశాబ్దాల పాటు పరిశీలించారు. తిన్న తరువాత కడుపులో వికారం కలిగితే పశువు ఆ రుచిని గుర్తుపెట్టుకుని తరువాత తగ్గిస్తుంది, పిల్లలు తల్లి పక్కన మేస్తూ నేర్చుకుంటాయి. ఇదంతా జరగాలంటే మొదటి తప్పు తరువాత బతికి ఉండాలి. నాము అంత వ్యవధి ఇవ్వదు. దానికి తోడు మీ గేదె ఇన్నేళ్ళుగా నేర్చుకున్నది జొన్న మంచి మేత అనే. అది తప్పు చేయలేదు, తన అనుభవాన్ని నమ్మింది.

ఉదయగిరి_జీవాలు
మేము వాన పడ్డ తరువాత మందను జొన్న బీళ్ళ దారిన తోలవలసి వస్తే ముందు వేరే చోట రెండు గంటలు మేపుకుని, కడుపు నిండాకే దాటిస్తాము. ఆకలితో ముందు పరిగెత్తిన జీవమే ముందు పడుతుంది.

పశువైద్యం_ఒంగోలు
అది మంచి పద్ధతి. దర్శి మిత్రులు మిగిలిన పిలకలను దున్నేయవచ్చు, లేదా కోసి బాగా ఎండబెట్టి మేతకు వాడుకోవచ్చు. ఒక పూట ఎండకు వాడిపోతే చాలదు. వాడిపోయిన పిలక పచ్చి పిలకంత ప్రమాదమే, గలగలమనేలా ఎండాలి. అనుమానం ఉంటే పిక్రేటు కాగితం పరీక్ష చేయించండి. నలిపిన ఆకును రెండు చుక్కల క్లోరోఫారంతో గాజు గొట్టంలో వేసి, తడిపిన పసుపు కాగితాన్ని పైన వేలాడదీస్తారు. సయనైడు ఉంటే కాగితం ఇటుక రంగుకు తిరుగుతుంది.

దర్శి_మెట్టరైతు
ఈ రోజు మా పశువుల ఆసుపత్రిలో చేయించాను. రెండు గొట్టాలు పెట్టారు. ఒకదానిలో మా పొలం పిలక, రెండోదానిలో వామిలోని చొప్ప ముక్కలు. అయిదు నిమిషాలు గడవకుండానే పిలక మీది కాగితం అంచు నుంచి నారింజ రంగుకు, తరువాత పూర్తిగా ఇటుక రంగుకు తిరిగింది. చొప్ప మీది కాగితం మేము బయలుదేరే వరకు పసుపుగానే ఉన్నది. మా తమ్ముడి కొడుకును కూడా వెంట తీసుకువెళ్ళాను. గేదె పోయినప్పటి నుంచి వాడు అన్నం సరిగా తినడం లేదు, తప్పంతా తనదే అనుకుంటున్నాడు. ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, “ఇది కంటికి కనపడదు కదా పెదనాన్నా” అన్నాడు. ట్రాక్టరుకు చెప్పాను, ఎల్లుండి దున్నిస్తున్నాము. పడ్డ బాగా మేస్తున్నది.

కొండపి_సేద్యం
నా పైరు ఇప్పుడు ముప్పై మూడు రోజులది, మధ్యలో కరెంటు లేక వారం పైగా తడి తప్పింది. రేపు కోత పెట్టుకున్నాను, ఆపమని ఇప్పుడే మనిషికి చెప్పాను. ఉదయం నాలుగు ఆకులు సంచిలో వేసుకుని మా ఆసుపత్రికి వెళతాను. కాగితం ఏ రంగుకు తిరిగినా ఇక్కడే రాస్తాను.